నూనె ట్యాంకుకు 80 గిగాహెర్ట్జ్ రాడార్ లెవెల్ మీటర్: ఐదుకు నాలుగు

గుంటూరు దగ్గర పత్తి గింజల నూనె మిల్లులో ఇన్‌స్ట్రుమెంట్ల పని చూస్తాను. మా ముడి నూనె ట్యాంకు పది మీటర్ల ఎత్తు. లోపల ఒక పక్కన నిచ్చెన, అడుగున హీటింగ్ కాయిల్స్. ట్యాంకు పైనుంచి సిగ్నల్ పంపి, తిరిగొచ్చే ఎకోను బట్టి నూనె మట్టం చెప్పే మీటరు ఇది. పాత 26 గిగాహెర్ట్జ్ రాడార్ తీసేసి 80 గిగాహెర్ట్జ్‌ది పెట్టించాం. విజయవాడ నుంచి సర్వీస్ వాళ్లే వచ్చి బిగించారు.

పాతదానితో పడ్డ అవస్థ చెప్పాలి. నూనె నాలుగు మీటర్లకు రాగానే రీడింగ్ ఆగిపోయి అలారం కొట్టేది. బయట ట్యాంకర్లు నిలబడి ఉంటే మా కుర్రాళ్లు వానలో కూడా డిప్ టేపు (నూనెలోకి దించి మట్టం కొలిచే టేపు) పట్టుకుని పైకెక్కేవాళ్లు. కారణం తర్వాత తెలిసింది. దాన్ని బిగించిన వాళ్లు ట్యాంకు సగం నిండి ఉండగానే అడుగుదాకా మ్యాపింగ్ చేసేశారు, అంటే నూనెవి కాని దొంగ ఎకోలను గుర్తుపెట్టుకుని వదిలేయమని మీటరుకు నేర్పారు. అప్పుడున్న నూనె మట్టం కూడా దొంగ ఎకోల లెక్కలో చేరిపోయింది. నూనె మళ్లీ ఆ ఎత్తుకు వచ్చినప్పుడల్లా మీటరు అసలు ఎకోనే పక్కన పెట్టేసేది.

నూనెతో ఇంకో చిక్కు ఉంది. డైఎలెక్ట్రిక్ విలువ ఎంత ఎక్కువైతే సిగ్నల్ అంత బలంగా తిరిగొస్తుంది. నీటిది 80 దాకా ఉంటుంది, నూనెది మూడు దరిదాపుల్లోనే. నూనె నుంచి తిరిగొచ్చే సిగ్నల్ చాలా తక్కువ. నిచ్చెన ఇనుముది, తగిలినంత మేరా దాదాపు మొత్తం తిరిగొస్తుంది. పాత రాడార్ బీమ్ పది డిగ్రీలు, అంటే అడుగుకు చేరేసరికి పావు తక్కువ రెండు మీటర్ల వెడల్పు. కొత్తది నాలుగు డిగ్రీలు, అడుగున 70 సెంటీమీటర్లే. నిచ్చెనకు దూరంగా ఉన్న గొట్టంలో, అంటే ట్యాంకు పైనున్న నాజిల్‌లో పెట్టాక బీమ్ దాన్ని తాకడమే లేదు. అసలు తగలకుండా చూసుకోవడమే మేలు, మ్యాపింగ్ ఆ తర్వాతే.

వచ్చిన ఇంజనీరు పనితనం నాకు బాగా నచ్చింది. ముందు నాజిల్ లోపలికి టార్చ్ వేసి చూసి, వెల్డింగ్ గరుకు చూపించాడు. ట్యాంకు ఖాళీ చేసి, కడిగించి, గ్యాస్ టెస్ట్ అయ్యాకే ఆటోనగర్ ఫిట్టర్ చేత దాన్ని నున్నగా చేయించాం. తర్వాత కాయిల్స్ మునిగేంత నూనె మాత్రమే వదిలి, ఆ మట్టానికి కాస్త పైదాకానే మ్యాపింగ్ చేశాడు. పంపు వేశాక ఫోన్‌లో ఎకో కర్వ్ (ఏ దూరం నుంచి ఎంత ఎకో వస్తోందో చూపే గ్రాఫ్) చూపిస్తూ, "సార్, ఈ ఒక్కటే కదులుతోంది చూడండి, నూనె ఇదే" అన్నాడు. మిగతా గీతలు ఉన్నచోటే ఉన్నాయి. ఆ కర్వ్ కాపీ కూడా ఇచ్చి వెళ్లాడు. మీరూ అడిగి తీసుకోండి.

అప్పటి నుంచి డిప్ టేపుకీ మీటరుకీ తేడా మిల్లీమీటర్లలోనే ఉంటోంది.

ఒక మార్కు తగ్గించింది అడుగు భాగం కోసం. నూనె కాయిల్స్ కిందికి దిగితే రీడింగ్ గెంతుతుంది, అక్కడ ఇప్పటికీ టేపే వేస్తున్నాం. కర్వ్ చూడాలంటే ఎండలో ట్యాంకు పక్కనే నిలబడాలి, కంట్రోల్ రూమ్ దాకా బ్లూటూత్ అందదు.