జర్మనీ ఎమ్మెస్‌కి ఏజెంటు అక్కర్లేదు: బరంపురం వైపు వాడిచూసిన వాళ్ల మాట

ఏపీఎస్ (మన సర్టిఫికెట్లు నిజమైనవేనా అని జర్మనీ వైపు చేసే పరిశీలన), యూనీ-అసిస్ట్ (జర్మనీ యూనివర్సిటీల తరఫున దరఖాస్తులు తీసుకునే సంస్థ), బ్లాక్డ్ అకౌంట్ (అక్కడి ఖర్చుల డబ్బు ముందే వేసి చూపే ఖాతా), వీసా. ఈ నాలుగు మెట్లనీ కన్సల్టెన్సీ లేకుండా సొంతంగా ఎక్కే పద్ధతిని ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పిల్లలకి ఏళ్ల తరబడి వాడుతున్నాం. ముందే చెప్పేస్తాం: జర్మనీ వైపు పని నియమం ప్రకారం నడుస్తుంది, పెద్ద తలనొప్పి ఉండదు. చిక్కంతా ఇటు మన కాగితాల్లో, డబ్బు పంపడంలో ఉంది. ఆ రెంటినీ వైజాగ్, హైదరాబాద్ ఏజెంట్లు పట్టించుకోరు, ఎందుకంటే వాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చదువు మొత్తం ఒకే రాష్ట్రంలో అయిపోయి ఉంటుంది.

మన పిల్లల సంగతి అలా కాదు. పదోతరగతి కటక్ బోర్డు, ఇంటర్ ఇచ్ఛాపురంలో ఆంధ్రా బోర్డు, ఇంజినీరింగ్ మళ్లీ ఒడిశాలోని బీపీయూటీ యూనివర్సిటీ. ఒడిశా సర్టిఫికెట్లో ఇంటిపేరు చివర పూర్తిగా ఉంటుంది, ఆంధ్రా మెమోలో ముందుంటుంది లేదా ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో మూడో రకం. ఏపీఎస్ వాళ్లు చూసేది సర్టిఫికెట్లు నిజమైనవా అని, ఆ క్రమంలో పేరు తేడా దగ్గర ఫైలు ఆగిపోతుంది. పాస్‌పోర్టు పేరు పదో తరగతి సర్టిఫికెట్‌తో అక్షరం అక్షరం కలిసేలా ముందు సరిచేయించండి. బోర్డులో దిద్దుబాటుకి నెలలు పడుతుంది, అఫిడవిట్‌తో అన్నిసార్లూ గట్టెక్కలేం. బ్యాక్‌లాగ్ రాసిన సెమిస్టర్ల మార్కుల పత్రాలు కూడా పారేయకుండా ఉంచాలి.

ఏపీఎస్ సర్టిఫికెట్ 2022 నవంబరు 1 నుంచి తప్పనిసరి, రుసుము 18,000 రూపాయలు. చాలా యూనివర్సిటీలు అడ్మిషన్ దరఖాస్తుతోనే అడుగుతాయి. అక్టోబరులో మొదలయ్యే వింటర్ సెమిస్టరుకి సాధారణ గడువు జులై 15, కొన్ని కోర్సులకి ఇంకా ముందే. కాబట్టి ఏపీఎస్ ముందు ఏడాది దసరా, దీపావళి నాటికే వేయాలి. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఫలితం రెండేళ్లు చెల్లుతుంది, దాన్ని కూడా అప్పుడే ముగిస్తే ఒక బరువు దిగుతుంది.

యూనీ-అసిస్ట్‌లో మొదటి దరఖాస్తు 75 యూరోలు, అదే సెమిస్టరుకి తర్వాత వేసే ప్రతిదానికీ 30. ఇక్కడ పట్టించుకోవాల్సింది మార్కుల లెక్క. మన మార్కుల్ని జర్మనీ గ్రేడులోకి ఇలా మారుస్తారు: పదిలోంచి మన సీజీపీఏ (మొత్తం సెమిస్టర్ల సగటు గ్రేడు) తీసేసి, వచ్చినదాన్ని పదికీ పాస్ గ్రేడుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చించి, ఒకటి కలుపుతారు. సీజీపీఏ 7.4 అనుకోండి. పాస్ గ్రేడు 5 అని రాస్తే 2.56 వస్తుంది, 4 అని రాస్తే 2.3. జర్మనీలో గ్రేడు ఎంత తక్కువుంటే అంత మంచిది, చాలా కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి. మీ యూనివర్సిటీ పాస్ గ్రేడు ఎంతో లెటర్‌హెడ్ మీద రాయించి జతచేయండి, లేకపోతే వాళ్లకి తోచిన లెక్క వాళ్లు వేసుకుంటారు. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు లేదు కదా అని కళ్లు మూసుకుని వేయకండి: బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటి విదేశీయులకి సెమిస్టరుకి 1,500 యూరోలు కట్టాలి.

ఇక డబ్బు. 2024 సెప్టెంబరు నుంచి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపాలి, అక్కడికి చేరాక నెలకి 992 చొప్పున విడుదలవుతుంది. యూరో వంద రూపాయలనుకుంటే పన్నెండు లక్షలకి దగ్గర. ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద విదేశానికి పంపేది పది లక్షలు దాటితే, దాటిన భాగం మీద బ్యాంకు టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అమ్మ, నాన్న చెరో భాగం తమ ఖాతాల నుంచి పంపితే ఆ గొడవే లేదు. బ్యాంకు ఇచ్చిన విద్యారుణం నుంచి వెళ్లేదానికి టీసీఎస్ పడదు. పట్టుకున్నా రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది, కానీ పొలం మీద బతికే నాన్న అప్పటిదాకా రిటర్నే వేసి ఉండడు, అదొక కొత్త పని.

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే: బదిలీ ఫారంలో విదేశీ బ్యాంకు ఖర్చులు ఎవరివి అనే గడి. పంపేవాళ్లే భరిస్తామని టిక్ పెట్టాలి. లేకపోతే మధ్య బ్యాంకు కొన్ని యూరోలు కోస్తుంది, ఖాతాలో 11,904కి తగ్గుతుంది, డబ్బు జమైందన్న ధ్రువపత్రం రాదు, ఇరవై యూరోల కోసం మరో బదిలీ చేయాలి. కొద్దిగా ఎక్కువే పంపండి. అకౌంటు వాళ్లిచ్చిన రిఫరెన్స్ నంబరు తప్పక రాయాలి.

విద్యారుణం విషయంలో జిల్లా బ్రాంచిల అనుభవం అంత గొప్పగా లేదు. ప్రభుత్వ బ్యాంకుల మామూలు పథకంలో నాలుగు లక్షలు దాటితే విదేశీ చదువుకి 15 శాతం సొంత డబ్బు, ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ. భూమి పట్టా ఒడియాలో ఉంటుంది కాబట్టి వైజాగ్ శాఖలో చూపిస్తే అనువాదం తెమ్మంటారు. రాయగడ, కోరాపుట్ షెడ్యూల్డ్ ప్రాంతాలు కావడంతో భూమి ఎవరి చేతి నుంచి ఎలా వచ్చిందో లాయరు లోతుగా తవ్వుతాడు. బరంపురంలో పెద్ద శాఖకి నేరుగా వెళ్లడం మేలు.

వీసాకి ఒడిశా చిరునామా వాళ్లు కోల్‌కతా జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. హైదరాబాద్‌లో వేసేద్దామని చెప్పే ఏజెంటుని నమ్మి ఆంధ్రా చిరునామా సృష్టించకండి. 2025 జులై నుంచి తిరస్కరణపై కాన్సులేట్‌కే అభ్యంతరం పెట్టుకునే వెసులుబాటు తీసేశారు, మళ్లీ కొత్తగా వేయాలి లేదా అక్కడి కోర్టుకి వెళ్లాలి.

అక్కడ దిగాక చవకగా ఉందని ప్రైవేటు ఆరోగ్య బీమా ఎంచుకుని, ప్రభుత్వ బీమా వద్దని సంతకం పెట్టేవాళ్లున్నారు. ఆ సంతకం పెడితే ఆ చదువు పూర్తయ్యేదాకా విద్యార్థి రేటుకి ప్రభుత్వ బీమాలోకి తిరిగి రానివ్వరు.