సామాను దేంట్లో సర్దితే మేలు? అట్టపెట్టె, చీర మూట, గోనెసంచి, టమాటా క్రేటు

అనంతపురంలో ఇల్లు మారేవాళ్ళు ముందుగా వెళ్ళేది కిరాణా కొట్టుకే, ఖాళీ అట్టపెట్టెల కోసం. ఎన్ని దొరికితే అన్ని తెచ్చుకుని, ఇంట్లో ఉన్నదంతా వాటిలోకే కుక్కేస్తారు. అట్టపెట్టె మంచిదే, కానీ అన్నింటికీ పనికిరాదు. మన చేతికందే సాధనాలు ఇంకా మూడున్నాయి: పాత నూలు చీర, గోనెసంచి, మార్కెట్టుకు టమాటాలు పోయే ప్లాస్టిక్ క్రేటు. దేంట్లో ఏది సర్దాలో ముందే అనుకుంటే పగిలేవి తగ్గుతాయి, మోసేవాళ్ళ నడుములూ బాగుంటాయి.

అట్టపెట్టెల్లోనే చాలా తేడాలున్నాయి. వంటనూనె ప్యాకెట్ల పెట్టె చిన్నది, గట్టిది. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. అలాంటివి పది పన్నెండు మోసిన పెట్టె కాబట్టి పుస్తకాలకు దాన్ని మించింది లేదు. అడుగున నూనె మరకలుంటే మాత్రం వద్దు. బిస్కెట్లు, చిప్స్ వచ్చే పెట్టెలు చూడ్డానికి పెద్దవి, అట్ట పల్చన. వాటిలో పుస్తకాలు నింపితే మెట్లు దిగేటప్పుడే అడుగు ఊడిపోతుంది. దిండ్లకు, పిల్లల బొమ్మలకు వాడుకోండి. బరువు ఎంతుండాలన్నదానికి మా సామాను దించిన హమాలీ ఒకాయన చెప్పిన మాట నేను ఇప్పటికీ పాటిస్తాను: "అక్కా, నువ్వొకసారి ఎత్తి చూడు. నీకు లేసిందంటే పెట్టె సరిగ్గా ఉన్నట్టే."

గాజు గ్లాసులకు వైన్ షాపు పెట్టెలు బాగుంటాయి. లోపల సీసాకొక గది ఉంటుంది, అట్ట కూడా మందం. ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే పాత పేపర్లతో ఆ అడ్డుగోడలు మనమే చేసుకోవచ్చు. పింగాణీ ప్లేట్లను పడుకోబెట్టి పేర్చకండి. ఒక్కోదానికి పేపరు చుట్టి నిలువుగా నిలబెడితే, బండి కుదుపుకు పైవాటి బరువు కిందివాటి మీద పడదు. ఇంకో జాగ్రత్త: కొట్ల నుంచి తెచ్చిన అట్టల మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి. బయటే గట్టిగా దులిపి, ఒకపూట ఎండలో పడేశాకే ఇంట్లోకి తేవాలి. మన ఎండ ఇలాంటి పనికైనా ఉపయోగపడనీ.

బట్టలకు మాత్రం నా ఓటు చీర మూటకే. మూటలేంటి పల్లెటూరివాళ్ళలా అని కొందరు చిన్నబుచ్చుకుంటారు గానీ, అట్టపెట్టెలో పట్టే బట్టలకు రెండింతలు మూటలో పడతాయి. మూలలు లేవు కాబట్టి బండిలో ఏ సందులోనైనా ఇమిడిపోతుంది, పైగా గాజు పెట్టెల మధ్య మెత్తగా అడ్డం ఉంటుంది. చీరను రెండు మడతలు వేసి పరిచి, మడిచిన బట్టలు మధ్యలో పేర్చి, ఎదురెదురు కొంగులు కలిపి ముడేయాలి. నూలు చీరే కావాలి, పాలియెస్టర్ అయితే ముడి జారిపోతుంది. ధర్మవరం పట్టుచీరలు మూటలోకి వద్దు. జరీ లోపలికి వచ్చేలా మడిచి, తెల్ల నూలుగుడ్డ చుట్టి, ఇంటి కాగితాలు, బంగారం ఉన్న సూట్‌కేసులో మీ వెంటే ఉంచుకోండి.

గోనెసంచి ఇనుముకు, ఇత్తడికి. గిన్నెలు ఒకదాంట్లో ఒకటి దించి, రోకలి, సంకటి తెడ్డు పక్కన నిలబెట్టి, మూతిని దబ్బనంతో పురికొస వేసి కుట్టేస్తే ఏదీ బయటికి జారదు. చెనక్కాయలు పోసిన సంచి అయితే దుమ్ము దులుపుకోవాలి. పరుపులు, దిండ్లు దాంట్లో వేస్తే నార, దుమ్ము పట్టి వారమంతా తుమ్ములే.

ఇక వంటింటికి క్రేటే. కక్కలపల్లి టమాటా మార్కెట్ ఉన్న ఊళ్ళో ఉంటూ దీన్ని వాడుకోకపోవడం నాకు అన్యాయం అనిపిస్తుంది. తెలిసిన రైతునో మండీ వ్యాపారినో అడిగితే రెండ్రోజుల వాడకానికి ఇస్తారు, కడిగి వెనక్కి ఇచ్చేయాలి. చేతులు పెట్టడానికి కంతలుంటాయి, ఒకదానిమీద ఒకటి కదలకుండా కూర్చుంటాయి, టేపు అక్కర్లేదు, లోపల ఏముందో బయటికే కనబడుతుంది. కొత్తింట్లో దిగిన పూటే కాఫీ గిన్నె వెతుక్కోవాల్సిన టెన్షన్ ఉండదు. అడుగున పేపరు పరవకపోతే స్పూన్లు సందుల్లోంచి పడిపోతాయి, అంతే.

ఊరగాయ జాడీలకు క్రేటును మించింది లేదు. అట్టపెట్టెలో పెడితే నూనె ఒలికి అట్ట నానిపోతుంది. ముందురోజు పైన తేలిన నూనెను గరిటెతో తీసి సీసాలో పోసుకోవాలి. మూతికి ముందు పాలిథిన్ కాగితం, దానిపైన గుడ్డ వేసి వాసెన బిగించి కట్టాలి. క్రేటులో నిలబెట్టి చుట్టూ పాత టవళ్ళు కుక్కితే కదలదు. కొత్తింట్లో సర్దుకున్నాక తీసిన నూనె మళ్ళీ పోసేయండి, పచ్చడికి బూజు పట్టదు.

ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు, శ్రావణం రాగానే అందరూ ఒక్కసారే కదులుతారు. బండ్లకూ హమాలీలకూ గిరాకీ పెరుగుతుంది. అందుకే పెట్టెలు, సంచులు ఆషాఢంలోనే పోగుచేసుకోవాలి. ఆ రోజుల్లో మన జిల్లా గాలి సంగతి తెలిసిందే కదా, టాటా ఏస్‌లో తేలికైన పెట్టెలు పైన ఉంటే టార్పాలిన్ వేసి తాడు బిగించాల్సిందే.

ఇదంతా ఊళ్ళోనే మారేవాళ్ళకు. బెంగళూరుకు మారేటట్టయితే 200 కిలోమీటర్లకు పైనే ప్రయాణం, మీ సామాను మీద ఇంకొకరి సామాను ఎక్కించవచ్చు కూడా. అప్పుడు టీవీ, ఫ్రిజ్, గాజు తలుపుల బీరువా ప్యాకర్స్ వాళ్ళకే అప్పజెప్పడం మేలు. వాళ్ళ ఐదు పొరల అట్టపెట్టెలు, బబుల్ షీట్లు ఆ దూరానికి పనికొస్తాయి. వంటిల్లు మాత్రం అప్పుడూ మీరే సర్దుకోండి, క్రేట్లు వెనక్కి ఇవ్వడం కుదరదు కాబట్టి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల్లో. వాడిన ఇంటి సామానుకు జీఎస్టీ నిబంధనల్లో ఈ-వే బిల్లు (సరుకు బండిలో తీసుకెళ్ళేటప్పుడు చూపించే పత్రం) మినహాయింపు ఉంది. దాని పేరుతో అదనంగా అడిగితే ఒప్పుకోకండి. గ్యాస్ సిలిండర్‌ను ఏ బండిలోనూ ఎక్కించొద్దు. సిలిండర్, రెగ్యులేటర్ ఇక్కడి ఏజెన్సీకి ఇచ్చేసి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, బదిలీ కాగితం అడిగి తీసుకోండి. కొత్త ఊళ్ళో కనెక్షన్‌కు ఆ కాగితం చూపించి, అక్కడి డిపాజిట్ కట్టాలి.