హార్డ్ ల్యాండింగ్‌లో ఏది మేలు: విరగని గేరా, ఊడిపోయే గేరా?

పెద్ద ప్రయాణికుల విమానం సెకనుకు 10 అడుగుల వేగంతో కిందికి దిగి నేలను తాకినా తట్టుకోవాలన్నది నిబంధన. అంటే నిమిషానికి 600 అడుగులు. మామూలు ల్యాండింగ్‌లో అది సెకనుకు రెండు మూడు అడుగులే ఉంటుంది. దెబ్బలో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, మూడడుగుల దెబ్బ కంటే పదడుగుల దెబ్బ 11 రెట్లు పెద్దది. 12 అడుగుల దాకా ల్యాండింగ్ గేర్, అంటే చక్రాలూ వాటిని మోసే కాళ్లూ, కుప్పకూలకూడదని కూడా ఉంది. అది కూడా దాటితే ఏం జరగాలన్న దగ్గరే డిజైనర్ అసలు తెలివి బయటపడుతుంది.

మొదటి దారి గేర్‌ను ఇంకా బలంగా కట్టడం. విమాన వాహక నౌకల మీద దిగే యుద్ధ విమానాలకు అలాగే చేస్తారు. సెకనుకు 20 అడుగులకు పైబడిన దెబ్బ వాటికి లెక్కలోనిదే. కానీ ఆ బలానికి బరువు పెరుగుతుంది. పైగా గేర్ ఒక్కటే గట్టిదైతే సరిపోదు, దాన్ని పట్టుకున్న రెక్క కూడా అంతే గట్టిగా ఉండాలి. ప్రయాణికుల విమానాల రెక్కల్లోనే ఇంధన ట్యాంకులు ఉంటాయి. గేర్ విరగనంటే ఆ దెబ్బంతా పోయి రెక్క దూలం మీద పడుతుంది.

అందుకే రెండో దారి: ఫ్యూజ్ పిన్. గేర్‌ను రెక్కకు కలిపే చోట, ఒక హద్దు దాటితే తనే తెగిపోయేలా లెక్కగట్టి చేసిన పిన్ ఇది. కరెంటు ఎక్కువైతే ఇంట్లో ఫ్యూజు పోయినట్టే, ఇక్కడ గేర్ పోతుంది, ట్యాంకు మిగులుతుంది.

2008 జనవరిలో లండన్ హీత్రోలో ఒక బోయింగ్ 777 ఇంజిన్లకు ఇంధనం సరిగా అందక, రన్‌వేకు ముందే గడ్డి నేల మీద పడింది. నిబంధన చెప్పే వేగానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో కిందికి వచ్చింది. కుడి గేర్ ఊడిపోయింది, ఎడమది రెక్క మొదట్లోంచి పైకి పొడుచుకొచ్చింది. ఇంధనం కారింది గానీ మంట అంటుకోలేదు. లోపలున్న 152 మందిలో ఒక్కరూ చనిపోలేదు.

2009 మార్చిలో జపాన్‌లోని నరితాలో ఎండీ-11 సరుకు విమానం సంగతి వేరు. నేలను తాకి ఎగిరింది, మళ్లీ తాకి ఎగిరింది, మూడోసారి ఎడమ రెక్క విరిగి, మంటల్లో తిరగబడింది. ఇద్దరు పైలట్లూ పోయారు. ఈ విమానంలోనూ ఫ్యూజ్ పిన్ ఉంది! కాకపోతే దెబ్బ పైకీ వెనక్కీ కలిపి వస్తుందన్న లెక్కతో చేశారు. ఆ రోజు వచ్చిన దెబ్బ ప్రధానంగా నిట్టనిలువు. పిన్ తెగలేదు. తెగి ఉంటే ట్యాంకుకు నష్టం తగ్గేదని జపాన్ దర్యాప్తు సంస్థ తేల్చింది. కాబట్టి ఊడిపోయే గేరే మేలని నా గట్టి అభిప్రాయం, కాకపోతే ఏ దిక్కు నుంచి దెబ్బ వచ్చినా ఊడేదై ఉండాలి.

నరితా విమానంలా ఎగిరి పడటం దగ్గర ఇంకో పోలిక ఉంది. చిన్న విమానాలు చాలావాటికి స్ప్రింగులా వంగే ఉక్కు పట్టీనే కాలు. సర్వీసింగ్ దాదాపు అక్కర్లేదు, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కానీ స్ప్రింగు మింగిన శక్తిలో చాలా భాగం తిరిగిచ్చేస్తుంది, విమానం గాల్లోకి లేస్తుంది. వేగం తగ్గిన రెక్క అప్పుడు సరిగా మోయలేదు, రెండో దెబ్బ మొదటిదానికంటే గట్టిగా తగలొచ్చు. నూనెతో పనిచేసే షాక్ అబ్జార్బర్ కాలు, అంటే ఓలియో స్ట్రట్‌లో అలా కాదు: నూనె సన్నటి రంధ్రంలోంచి ఒత్తుకుని వెళ్తూ శక్తిని వేడిగా మార్చేస్తుంది, దాని పైనున్న నైట్రోజన్ మెల్లగా కాలును మళ్లీ సాచుతుంది. కాకపోతే నైట్రోజన్ తగ్గినా, నూనె కారినా ఆ గుణం పోతుంది. బరువైన విమానానికి ఓలియోకు పోటీయే లేదు. శిక్షణ విమానాల్లో, ముఖ్యంగా మెకానిక్కులు తక్కువున్న చోట, ఉక్కు పట్టీకే నా ఓటు.

ఇక విమానం బాడీకి అల్యూమినియమా, కార్బన్ ఫైబరా? బలం సంగతికొస్తే కార్బన్‌ను తక్కువ చేయలేం. బోయింగ్ 787 బరువులో సగం కార్బన్ ఫైబర్ లాంటి కాంపోజిట్లే, కూలినప్పుడు ప్రయాణికులను కాపాడటంలో లోహపు బాడీకి తీసిపోదని అమెరికా అధికారులకు విడిగా నిరూపించాల్సి వచ్చింది. తేడా దెబ్బ తర్వాతే. అల్యూమినియం వంగుతుంది, ముడతలు పడుతుంది, రివెట్లు లేస్తాయి. 2023 జూలైలో హ్యూస్టన్‌లో ఒక బోయింగ్ 767 ముక్కు చక్రం గట్టిగా గుద్దుకుని దిగితే, బాడీ పైభాగంలో పడ్డ ముడత కింద నిలబడ్డవాళ్లకు కూడా కనిపించింది. కార్బన్‌లో అయితే పైకి నున్నగానే ఉండి లోపల పొరలు విడిపోవచ్చు; అల్ట్రాసౌండ్ పెట్టి వెతకాలి. ఈ ఒక్క విషయంలో నేను అల్యూమినియం వైపే.

ఏ పదార్థమైనా, ఏ గేరైనా, పైలట్ "హార్డ్ ల్యాండింగ్" అని లాగ్‌బుక్‌లో రాస్తేనో, రికార్డర్‌లోని జీ లెక్క (దెబ్బ ఎంత గట్టిదో చెప్పే అంకె) చూసి ఇంజనీర్లు పట్టుకుంటేనో తప్ప దెబ్బ తర్వాతి తనిఖీ మొదలవదు. టైర్లు, స్ట్రట్ సీళ్ల నుంచి మొదలుపెట్టి గేర్ బిగింపులు, రెక్క మొదలు, ఇంజిన్ మౌంట్ల దాకా చూస్తారు. అందుకు తర్వాతి ఫ్లైట్ ఆలస్యమైతే అవనీయండి.