గైడ్‌తో రాళ్లు, మంచు, స్కీలు: ఎన్నో సీజన్ల తర్వాత నా రివ్యూ

గైడ్‌ని పెట్టుకుని కొండలెక్కడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. వేసవిలో రాతి గోడలు, ఎండలు ముదరకముందు మంచు శిఖరాలు, చలికాలంలో లిఫ్టులు లేని వాలుల మీద స్కీయింగ్. మొదట్లో వేర్వేరు ఏజెన్సీల ద్వారా, వేర్వేరు గైడ్లతో వెళ్లాను. గత కొన్ని సీజన్లుగా మూడింటికీ ఒకే గైడ్. ఖర్చు గట్టిగానే అవుతుంది. పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుందా అంటే, జరుగుతుంది. అందరి దగ్గరా కాదు.

గైడ్ అంటే మనల్ని జాగ్రత్తగా పైకి తీసుకెళ్లి కిందికి దించే మనిషి అని అనుకుంటాం. తాడు కట్టుకున్నాక లెక్క వేరు. రాతి గోడ మీద ముందు ఎక్కేది ఆయన. ఆయన జారితే ఆపాల్సింది కింద బిలే పట్టుకున్న (తాడు వదులుతూ, పడితే బిగించి ఆపే) మనం. గ్లేషియర్ మీద ఆయన మంచు కప్పిన పగులులో పడితే, తాడు లాక్కుపోకుండా నిలబడాల్సింది వెనకున్న మనం. మంచు చరియ కింద ఆయన కూరుకుపోతే తవ్వి తీయాల్సిందీ మనమే. అందుకే గైడ్ మంచివాడా కాదా అన్నది నేను ఒక్క విషయంలో చూస్తాను: తనకేమైనా అయితే నేను ఏం చేయగలనో ఆయన ముందే చూసుకుంటున్నాడా, లేదా?

రాళ్ల దగ్గర ఇది అరగంటలో తెలిసిపోతుంది. ఇప్పుడు నేను వెళ్తున్న గైడ్, తొలి పరిచయంలోనే చిన్న గోడ దగ్గరికి తీసుకెళ్లి, నా వెనక ఇంకొకరిని తాడు పట్టుకోమని, పైనుంచి కావాలనే చెయ్యి వదిలేశాడు. తాడు బిగుసుకుని నేను రెండడుగులు ముందుకి లాగబడ్డాను. తాడుని బిగించి ఆపే నా బ్రేక్ చెయ్యి మాత్రం దాన్ని వదల్లేదు. మళ్లీ ఎక్కి, ఈసారి నాకు చెప్పకుండా వదిలేశాడు. ఆ తర్వాతే పెద్ద గోడ మాట ఎత్తాడు. అంతకుముందు వెళ్లిన చోట్ల బిలే వచ్చా అని అడిగి, వచ్చు అంటే తలూపి ఎక్కేసిన వాళ్లున్నారు. ఇప్పుడు తలుచుకుంటే వాళ్ల ధైర్యానికే భయమేస్తుంది.

ఇంకో మాట. పొడవైన గోడల మీద ఎక్కడం నేర్చుకుందామంటే పెద్దగా కుదరదు. గైడ్ మనకి తాడు పొడవంత పైన ఉంటాడు, మన పాదాలు ఆయనకి కనపడవు. గాలి వీస్తే మాట కూడా వినపడదు. కాళ్ల మీద బరువు వేయడం, చేతులు అలిసిపోకుండా నిలబడటం లాంటివి నేర్చుకోవాలంటే, గైడ్ పక్కనే నిలబడి చూడగలిగే చిన్న గోడ దగ్గర సగం రోజైనా గడపాలి. నాకు ఎక్కువ పనికొచ్చిన రోజులు అలాంటివే, వాటి ఫొటోలు మాత్రం ఎవరికీ చూపించాలనిపించదు.

మంచు శిఖరాల దగ్గర కష్టమంతా టైమ్‌తోనే. అర్ధరాత్రి దాటాక రెండు మూడింటికే బయల్దేరతారు. రాత్రి గడ్డకట్టిన మంచు పగుళ్ల మీద వంతెనలా గట్టిగా ఉంటుంది, ఎండెక్కితే అదే మెత్తబడుతుంది. రాళ్లని పట్టి ఉంచిన ఐసు కరిగి పైనుంచి రాళ్లు దొర్లడం కూడా మొదలవుతుంది. అందుకని ఎన్నింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలో ముందురోజే చెప్పేవాళ్లని నమ్ముతాను.

ఇక్కడే నాకు ఒక ఏజెన్సీతో చేదు అనుభవం ఉంది. గైడ్‌కి ఇద్దరే అని చెప్పి బుక్ చేయించుకున్నారు. తీరా వెళ్లాక ఒకే తాడుకి నలుగురం. చదునైన గ్లేషియర్ మీద నలుగురుండటం తప్పేమీ కాదు, ఒకరు పగులులో పడితే ఆపడానికి అంతమంది ఉంటే ఇంకా మంచిది. కానీ నిటారుగా ఉన్న శిఖరం అంచున కథ వేరు. అక్కడ గైడ్ తాడుని పొట్టిగా చేసి, చేత్తో బిగుతుగా పట్టుకుని, మనం తూలిన క్షణంలోనే ఆపేస్తాడు. తూలడాన్ని ఆపగలడు, పడిపోవడాన్ని ఆపలేడు. నలుగురితో అది జరిగే పని కాదు. ఆ గైడ్ అంచు మొదట్లో ఆగి, ఇంతమందితో ముందుకి పోనని తేల్చి చెప్పి వెనక్కి తిప్పాడు. ఆయన మీద గౌరవం పెరిగింది. ఏజెన్సీ మాత్రం వాతావరణం బాగాలేదని రాసి డబ్బు తిరిగివ్వలేదు. ఇప్పుడు ఏ రూట్‌కి ఎంతమందో రాతపూర్వకంగా తీసుకోకుండా అడ్వాన్స్ కట్టను.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది చలికాలం గురించి. స్కీల కింద స్కిన్లు (వెనక్కి జారకుండా మంచుని పట్టే పట్టీలు) అంటించుకుని గంటల తరబడి ఎక్కడం, పైన వాటిని పీకేసి దిగడం, పైకి చూస్తే ఇంతే. కానీ మిగతా సీజన్లలో ప్రమాదం కంటికి కనిపిస్తుంది. ఇక్కడ అది మంచు పొరల మధ్య దాక్కుని ఉంటుంది. పలకలా విరిగి జారే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద వస్తాయి. హాయిగా స్కీ చేయాలనిపించేవీ ఆ వాలులే.

ఒకరోజు మంచు చరియల హెచ్చరిక బులెటిన్‌లో ప్రమాద స్థాయి 3 అని ఉంది. మొత్తం 5 స్థాయిలు కాబట్టి 3 అంటే మధ్యస్థమే కదా అనిపిస్తుంది. ప్రాణాలు పోయే ప్రమాదాల్లో పెద్ద వాటా ఆ స్థాయి రోజుల్లోనే జరుగుతుందని గైడ్ పొద్దున్నే చెప్పాడు. మధ్యదారిలో ఆగి గొయ్యి తవ్వాడు. వాలుకి అడ్డంగా 90 సెంటీమీటర్లు, వాలు పైవైపుకి 30 సెంటీమీటర్లు ఉన్న మంచు దిమ్మెని చుట్టూ కోసి విడదీసి, ఒక చివర పార పెట్టి నన్ను కొట్టమన్నాడు. మణికట్టు నుంచి పది దెబ్బలు, ఏమీ కాలేదు. మోచేతి నుంచి కొట్టడం మొదలుపెట్టిన కాసేపటికే దిమ్మె ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క గీతలో చీలి, పై భాగమంతా ముందుకి జారింది. గీత దగ్గరి మంచు చేతిలోకి తీసుకుంటే ముద్ద కట్టదు, పంచదార పలుకుల్లా వేళ్ల మధ్య నుంచి రాలిపోతుంది. ఆ పొర మీద నిలబడి ఉన్నాం మేమంతా. ఫలితం చెడుగా వస్తే వెనక్కి వెళ్లడానికి ఆ ఒక్కటి చాలు, బాగా వచ్చినంత మాత్రాన ముందుకి వెళ్లడానికి సరిపోదు, ఎందుకంటే పది మీటర్ల అవతల పొర ఎలా ఉందో తెలియదు అన్నాడు. 30 డిగ్రీల లోపు ఉండి, పైన నిటారు వాలేదీ లేని చోటికి తీసుకెళ్లాడు. అక్కడా బ్రహ్మాండంగా స్కీ చేశాం.

బయల్దేరే ముందు బీకన్ (కూరుకుపోయినవాళ్లని వెతకడానికి ఒంటికి కట్టుకునే సిగ్నల్ పరికరం) పరీక్ష ఎలా చేస్తాడన్నది కూడా చూడండి. బీకన్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, కంపెనీలు వేరైనా ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. ఒక్కొక్కరం గైడ్ ముందు నుంచి నడిచి మన సిగ్నల్ వెళ్తోందని చూపించాలి. ఫోన్ బీకన్ పక్కనే ఉంటే సిగ్నల్ దెబ్బతింటుంది, మామూలప్పుడు కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరం ఉంచాలి. మా గైడ్ సీజన్ మొదట్లో ఒక బీకన్‌ని సంచిలో పెట్టి పాతేసి, తను దూరంగా నిలబడి, గడియారం చూస్తూ ఒక్క మాట సాయం చేయడు. కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పావుగంటలోనే చాలావరకు తేలిపోతుంది, బయటి నుంచి రెస్క్యూ అంతలో రాదు. వెతకడం కంటే తవ్వడానికే ఎక్కువ టైమ్ పడుతుందని చేస్తే తెలిసింది. ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) మనిషికి తగిలాక దాన్ని అక్కడే వదిలేసి, వాలుకి కింది వైపు నుంచి లోపలికి తవ్వాలి. ఈ సాధన చేయించని గైడ్‌తో చలికాలంలో వెళ్లొద్దని గట్టిగా చెప్తాను, ఆయన ఎంత పేరున్నవాడైనా సరే. వసంతంలో పొద్దున గడ్డకట్టి, ఎండకి పైన రెండు వేళ్ల మందం మెత్తబడే మంచు దొరుకుతుంది. స్కీకి దాన్ని మించింది లేదు, కాకపోతే ఆ సుఖం గంట రెండు గంటలే.

గైడ్ సర్టిఫికెట్ విషయంలో కాస్త వివరంగా అడగండి. పర్వత గైడ్ల అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌ఎంజీఏ 1965 నుంచి ఉంది, దాని బ్యాడ్జ్ ఉన్నవాళ్లు రాయి, మంచు శిఖరాలు, స్కీ మూడింటిలోనూ శిక్షణ పూర్తి చేసినవాళ్లు. అమెరికాలో ఏఎంజీఏ ఈ మూడింటికీ విడివిడిగా సర్టిఫికెట్ ఇస్తుంది, మూడూ పూర్తయితేనే ఆ అంతర్జాతీయ బ్యాడ్జ్. కాబట్టి సర్టిఫైడ్ అన్న మాట దగ్గర ఆగకుండా దేనిలో అని అడగాలి. రాళ్ల గైడ్‌గా అద్భుతమైన మనిషి, స్కీ వాలు మీద మిమ్మల్ని తీసుకెళ్లే అర్హత ఉన్నవాడు కాకపోవచ్చు.

ఒకే గైడ్‌తో అన్ని సీజన్లూ వెళ్లడంలో ఇబ్బందులు లేకపోలేదు. మంచి గైడ్లకి తేదీలు నెలల ముందే నిండిపోతాయి, వాతావరణం మన తేదీలు చూసి రాదు. ఆలోచించే పని ఆయనకి వదిలేసే అలవాటు కూడా మెల్లగా అబ్బుతుంది. దానికి నేను చేస్తున్నది ఇది: ముందురోజు రాత్రి బులెటిన్, మ్యాప్ చూసి నా ప్లాన్ నేను రాసుకుంటాను, పొద్దున ఆయన ప్లాన్ చెప్పాక రెండూ పక్కపక్కన పెట్టి అడుగుతాను. విసుక్కోకుండా జవాబు చెప్తాడు. ఒకటి రెండుసార్లు నా దారే పట్టాడు. శిఖరం ఎక్కిన ఫొటో చాలనుకునేవాళ్లకి ఇంత ఓపిక అవసరం ఉండకపోవచ్చు, వాళ్లకి పెద్ద గ్రూపు ట్రిప్పులు తక్కువలో దొరుకుతాయి. స్కీలకి మాత్రం పెద్ద గ్రూపు వద్దు. వాలు మీద ఒక్కొక్కరుగా దిగాల్సి వచ్చినప్పుడు కిందివాళ్లు పైవాళ్లకి కనపడుతూ ఉండాలి, పదిమంది ఉంటే అది సాగదు.