జాగ్రత్త: 'హెర్బల్ కార్ శానిటైజర్' పేరుతో బ్లీచ్ అమ్ముతున్నారు

వాటర్ సర్వీసింగ్, కార్ వాష్ షాపులు నడిపేవాళ్ళు ఒకసారి ఇది చదవండి. ఐదు లీటర్ల తెల్ల క్యాన్, నీలం మూత, నిమ్మకాయ బొమ్మ, '99.9% క్రిములు మాయం' అని స్టిక్కర్. బండి మీద వేసుకుని షాపు షాపుకీ తిరిగి అమ్ముతున్నారు. మాకు తిరుపతిలో అంటగట్టారు. ఇదే సరుకు ఇంకో స్టిక్కరుతో మీ ఊరికీ వచ్చి ఉండొచ్చు. కొనకండి, ఇప్పటికే కొని ఉంటే వాడకండి. అది హెర్బలూ కాదు, గిర్బలూ కాదు. సెంటు కలిపిన బ్లీచ్.

మా ఊళ్ళో ఈ పని ఎలా ఉంటుందంటే, ఘాట్ రోడ్డు ఎక్కి దిగే ట్రావెల్స్ బండ్లలో వాంతుల కేసులు మామూలే. డ్రైవరు తర్వాతి పార్టీని ఎక్కించుకోవాలి కాబట్టి 'అన్నా, గంటలో కావాలి, వాసన ఉండకూడదు' అంటాడు. ఒట్టి షాంపూతో అయ్యే పని కాదు. ఆ అమ్మేవాడికి ఇదంతా బాగా తెలుసు. 'నీళ్ళు కలపక్కర్లేదు సార్, నేరుగా కొట్టేయండి. అద్దాలు ఎక్కించి పది నిమిషాలు వదిలేయండి. చిన్నపిల్లలున్నా ఏం కాదు' అన్నాడు. డబ్బా 450, రెండు తీసుకుంటే 800.

ఒక ఇన్నోవాకి మా కుర్రాడు అలాగే కొట్టాడు. స్ప్రేయర్‌లో మిగిలినదాన్ని ఫుట్ మ్యాట్లకి వాడదామని పక్కనున్న బకెట్లో పోశాడు. ఆ బకెట్ అడుగున అల్లాయ్ వీల్ క్లీనర్ కొద్దిగా ఉంది. వీల్ క్లీనర్లు చాలావాటిలో యాసిడ్ ఉంటుంది. బ్లీచ్‌కి యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. బ్లీచింగ్ దగ్గరికి యాసిడ్ తీసుకుపోకూడదని మా షాపులో అందరికీ తెలుసు. కానీ డబ్బా మీద నిమ్మకాయ బొమ్మ ఉంటే ఎవడికి అనుమానం వస్తుంది?

బకెట్ మీదికి వంగినవాడు ఒక్కసారిగా వెనక్కి తూలాడు. 'అన్నా, గొంతు పట్టేసింది' అని ఒకటే దగ్గు, కళ్ళల్లోంచి ధారగా నీళ్ళు. గాలాడే చోటికి లాక్కొచ్చి, పావుగంట సేపు పంపు నీళ్ళతో కళ్ళు కడిగించాం. మొహానికి సర్జికల్ మాస్క్ ఉంది కానీ ఏం లాభం? గ్యాస్‌ని అది ఆపలేదు, ఎన్95 కూడా ఆపలేదు. కాసేపటికి తేరుకుని ఇంటికి పోతానన్నాడు. వినకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాం. క్లోరిన్ పీల్చినవాళ్ళకి మొదట తగ్గినట్టే ఉండి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉందట. రాత్రికి అక్కడే ఉంచమన్నారు డాక్టరు. అన్నట్టే రాత్రి ఆయాసం వచ్చింది, ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. మీ దగ్గర ఎవరికైనా ఇలా అయితే మజ్జిగ తాగించి ఇంటికి పంపేయకండి, 108కి ఫోన్ చేయండి.

ఇక బండి సంగతి. లేత రంగు సీట్ల మీద పెద్దగా తెలియలేదు. మధ్య వరుసలో నల్ల సీట్ బెల్టు మీద మాత్రం చుక్కలు చుక్కలుగా ఇటుక రంగు తేలింది. బ్లీచ్‌తో రంగు పోవడం ఒక్కటే కాదు, బెల్టు నేత కూడా బలహీనపడుతుంది. బెల్టులకి బ్లీచ్ పెట్టొద్దని కార్ల మాన్యువల్స్‌లోనే ఉంటుంది. యాక్సిడెంట్‌లో ప్రాణం నిలబెట్టాల్సిన పట్టీ అది, తుడిచి సర్దేసే విషయం కాదు. కొత్త బెల్టు వేయించి ఇచ్చాం, ఖర్చు మాదే.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే 'మీవాడే ఏదో కలిపాడు సార్, మా సరుకులో కెమికలే లేదు' అన్నాడు. ఆ మర్నాటి నుంచి ఎత్తడం మానేశాడు. స్టిక్కర్ మీద అడ్రస్ లేదు, బ్యాచ్ నంబరు లేదు. అతనిచ్చిన బిల్లు చేత్తో రాసిన కచ్చా చీటీ.

మూత తీయని రెండో డబ్బాని తెలిసిన కెమిస్ట్రీ లెక్చరర్ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన పొటాషియం అయొడైడ్, గంజి కలిపిన నీళ్ళలో ఈ మందు రెండు చుక్కలు వేశారు. వేసీ వేయగానే ముదురు నీలం, బ్లీచ్ లాంటి మందు తగిలితే వచ్చే రంగు అది. పాత నల్ల కాటన్ గుడ్డ మీద ఒక చుక్క వేస్తే కాసేపటికే రంగు వెలిసింది. డబ్బాలోంచి వచ్చే వాసన, ఈ వెలవడం, ఆ నీలం మూడూ కలిపి చూస్తే సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్‌లో ఉండే అసలు మందు, తప్ప ఇంకోటి కాదన్నారాయన. గుడ్డ పరీక్ష మీరూ చేసుకోవచ్చు, గ్లౌజులు వేసుకుని బయట చేయండి. ఎంత శాతం ఉందో మాత్రం దీనితో తెలియదు. పైగా హైపోక్లోరైట్ ఎండకీ వేడికీ రోజురోజుకీ బలం కోల్పోతుంది. మా ఎండల్లో, ఆ తెల్ల క్యాన్‌లో, బండి మీద తిరిగిన సరుకులో ఎంత మిగిలిందో ఎవరు చెప్పగలరు? అంటే మనిషికి హాని ఖాయం, క్రిములు చస్తాయన్న గ్యారంటీ మాత్రం లేదు.

కొనేముందు లేబుల్ చూడండి. అసలు మందు పేరు, ఎంత శాతం, తయారీదారు అడ్రస్, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎంత నీళ్ళు కలపాలి, ఎన్ని నిమిషాలు తడిగా ఉంచాలి, ఇవన్నీ ఉండాలి. ఇంకొకటి, సేఫ్టీ డేటా షీట్ అడగండి, అంటే ఆ మందులో ఏముంది, ఏం జాగ్రత్తలు తీసుకోవాలో కంపెనీ ఇచ్చే కాగితం. నిజమైన కంపెనీ సరుకైతే డీలరు వాట్సాప్‌లో పంపేస్తాడు. అందులో 16 భాగాలుంటాయి, అన్నీ చదివే ఓపిక ఎవరికీ ఉండదు. 4వ భాగంలో ప్రథమ చికిత్స, 10వ భాగంలో దేనితో కలపకూడదో ఉంటాయి. ఆ రెండూ ప్రింటు తీసి గోడకి అంటించండి. 'అదేంటి సార్, ఎవరూ అడగలేదే' అన్నాడంటే ఆ డీలర్ని అక్కణ్ణించే పంపేయండి.

వాడకంలో కూడా మన లైన్లో చాలామంది పొరపాట్లు పడుతున్నారు. మురికి మీద ఏ మందు కొట్టినా దండగే, ముందు కడగాలి. క్వాటర్నరీ అమ్మోనియం రకం మందు, అంటే లేబుల్ మీద బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉండేది వాడుతుంటే, షాంపూ నురగ పూర్తిగా తుడిచాకే వాడండి. సబ్బు మిగిలి ఉంటే దాని పని అది చేయదు. స్టీరింగు, గేర్ రాడ్, డోర్ హ్యాండిళ్ళకి 70 శాతం ఆల్కహాల్ చాలు, అదీ గుడ్డ మీద వేసుకుని తుడవడమే. మూసిన కార్లో స్ప్రే చేస్తే ఆవిరి నిండిపోతుంది, ఒక్క నిప్పురవ్వ తగిలితే చాలు. తలుపులు నాలుగూ తీసి, ఇంజిన్ ఆపి, చుట్టుపక్కల బీడీ కాల్చేవాళ్ళు లేకుండా చూసుకోవాలి. టచ్ స్క్రీన్ జోలికి ఆల్కహాల్‌తో పోవద్దు, పైపూత లేచిపోతుంది. హైపోక్లోరైట్‌ని కారు లోపలికి అసలు తీసుకెళ్ళకండి. షాపు గచ్చుకో, బకెట్లకో వాడాలంటే 5 శాతం మందు లీటరు నీళ్ళకి 20 మిల్లీలీటర్లు, అప్పుడు దాదాపు 0.1 శాతం వస్తుంది. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. దాని బకెట్ దానికే, యాసిడ్ బకెట్ వేరే రంగులో వేరే చోట.

ఫాగింగ్ అని పొగ పెట్టి 500 గుంజే వాళ్ళ గురించి ఏం చెప్పాలి! గదుల్లో మందు ఊరికే స్ప్రే, ఫాగింగ్ చేయడం మంచిది కాదని డబ్ల్యూహెచ్‌ఓ 2020లోనే చెప్పింది. పొగ చూస్తే కస్టమర్‌కి తృప్తిగా ఉంటుంది, అంతే.

నేను కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. 'వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదు' అని కొందరు బెదరగొడతారు. సొంతంగా బతుకుతెరువు కోసం షాపు నడుపుకునేవాళ్ళకి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది, వెనక్కి తగ్గకండి. ఈ డబ్బా మీ దగ్గర ఉంటే బాత్రూంలో పారబోయకండి, అక్కడ యాసిడ్ క్లీనర్ ఉంటే మళ్ళీ అదే కథ. మూత బిగించి, నీడలో, విడిగా పెట్టండి. స్టిక్కర్ ఫోటో, చెల్లించిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్ దాచుకోండి. మా దగ్గర కచ్చా చీటీనే ఉంది. మీలో ఎవరికైనా జీఎస్టీ బిల్లు ఇచ్చి ఉంటే చెప్పండి, అందరం కలిసి ఫిర్యాదు వేద్దాం.