పాత జీఐ పైపుల స్థానంలో ఏది మేలు: మళ్లీ జీఐయా, సీపీవీసీయా, పీపీఆరా?

పాతికేళ్లో ముప్పై ఏళ్లో నిండిన అపార్ట్‌మెంటులో తెల్లవారి కుళాయి తిప్పగానే కాసేపు ఎర్రటి నీళ్లు వస్తున్నాయంటే, గోడలోని జీఐ పైపుకు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపుకు, ఆ పూత పోయి లోపల ఇనుము తుప్పు పడుతున్నదని అర్థం. బోరు నీటిలోని సున్నం ఆ తుప్పు మీదే పేరుకుంటుంది కనుక, అరంగుళం పైపును కోసి చూస్తే పెన్సిలు పట్టేంత దారే మిగిలి ఉండడం ప్లంబర్లకు కొత్త కాదు. ఈ స్థితిలో అతుకులు వేయించడం దండగ, మార్చడమే దారి. అయితే దేనితో మార్చాలన్న ప్రశ్నకు జవాబు పైపు ధరలో కన్నా దాని జాయింటులో ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం.

మళ్లీ జీఐయే వేయిద్దామనే పెద్దల మాటను తేలిగ్గా కొట్టివేయలేము. అది ఎండకు చెడదు, దెబ్బకు పగలదు, గీజరు వేడికి మెత్తబడదు. పసుపు పట్టీ ఉన్న ఎ క్లాసు కాక నీలం పట్టీ ఉన్న బి క్లాసో, ఎరుపు పట్టీ ఉన్న సి క్లాసో తీసుకుంటే గోడ మందంగానూ ఉంటుంది. కానీ జీఐని కలపాలంటే దానికి మరలు కోయాలి. మర కోసిన చోట పైపు పలచబడడమే కాక జింకు పూత కూడా తెగిపోతుంది. చుట్టిన జనపనార, పూసిన రంగు కారడాన్ని ఆపగలవు గాని తుప్పును ఎల్లకాలం ఆపలేవు. బోరు నీళ్లు వాడే ఇంట్లో, ముఖ్యంగా వేడినీటి లైనులో, అదే కథ మళ్లీ మొదలవుతుంది.

సీపీవీసీ ప్లాస్టిక్ పైపు కనుక దానికి తుప్పు బెడద లేదు. 93 డిగ్రీల సెల్సియస్ వరకు వేడినీటికి పనికి వచ్చేలా తయారవుతుంది. చూపుకు దానికి దగ్గరగా ఉండే యూపీవీసీ చన్నీటికి మాత్రమే కనుక, ధర తక్కువని దాన్ని గీజరు లైనుకు వాడకూడదు. సీపీవీసీ జాయింటు సొల్యూషన్ అనే జిగురుతో అతికేది. పైపును తిన్నగా కోసి, అంచు గీకి, పొడిగుడ్డతో తుడిచి, సొల్యూషన్ పూసి, పావు చుట్టు తిప్పి కాసేపు పట్టుకుంటే సరిపోతుంది. ఇంత సులువైన పని కాబట్టే పొరపాటూ ఇక్కడే జరుగుతుంది: కొలత చూడడానికి పొడిగా బిగించిన ఎల్బోల్లో, అంటే మలుపు ముక్కల్లో, ఒకదానికి సొల్యూషన్ పూయడం మరిచిపోతే, తక్కువ ఒత్తిడిలో అది నెలల తరబడి నిలిచి, టైల్స్ వేశాక ఏదో ఒకరోజు ఊడుతుంది.

పీపీఆర్ కూడా ప్లాస్టిక్ పైపే గాని, అందులో జిగురు అతుకే ఉండదు. పైపును, ఫిట్టింగును యంత్రం మీద సుమారు 260 డిగ్రీల వేడికి కొన్ని సెకన్లు కరిగించి కలిపితే రెండూ ఒకే ముద్దగా మారతాయి. సరిగా చేసిన పీపీఆర్ జాయింటును మించిన ప్లాస్టిక్ జాయింటు ఇళ్లలో లేదనే చెప్పాలి. కానీ ఎక్కువసేపు కరిగించి లోతుగా నెడితే లోపల పెదవిలాగా పొంగి దారిని మూసేస్తుంది, అది బయటికి కనిపించదు. బాత్రూం మూలలో యంత్రం పట్టక చేయి వంకరపోయినా అంతే. పదేళ్ల తరువాత ఆదివారం సాయంత్రం పైపు పగిలితే, సీపీవీసీ కప్లింగు వీధి చివరి హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది గాని, పీపీఆర్ యంత్రం ఉన్న మనిషి కోసం వెతకాలి.

సైజు దగ్గర చాలామంది మోసపోతారు, అది ఎవరూ చేసిన మోసం కాకపోయినా. అరంగుళం బి క్లాసు జీఐ పైపు లోపలి వ్యాసం సుమారు 16 మిల్లీమీటర్లు. అరంగుళం సీపీవీసీది 12 చిల్లర మాత్రమే. 20 మిల్లీమీటర్ల మందపాటి పీపీఆర్‌ది 13 దరిదాపులు. ఓవర్‌హెడ్ ట్యాంకు నీటిమట్టానికి పై అంతస్తు షవర్ మూడు నాలుగు మీటర్లే కింద ఉంటుంది కాబట్టి అక్కడ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు అర కేజీ కూడా ఉండదు. అటువంటి ఇంట్లో అరంగుళానికి అరంగుళమే వేయిస్తే కొత్త పైపులోనూ ధార సన్నగానే వస్తుంది. ముప్పావు అంగుళం సీపీవీసీ వేసి కుళాయి దగ్గర మాత్రమే తగ్గించడం మంచిది.

కాబట్టి ఫ్లాటు లోపలికి నేను సీపీవీసీనే ఎంచుకుంటాను. గీజరు మూతి దగ్గర మాత్రం లోహపు పైపు ఉంచుతాను. పీపీఆర్ పనిలో ఆరితేరిన మనిషి దొరికి, లైను మొత్తం ఒకేసారి కొత్తగా వేసే ఇల్లయితే దానికే ఓటు. డాబా మీద ఎండలో పరుచుకునే లైనుకు ఈ రెండూ పెయింటు లేకుండా పనికిరావు. అక్కడ జీఐకి ఇంకా చోటుంది.

గోడను చిప్పింగ్ చేసి పాత గాడిలోనే కొత్త పైపు దాచాలా, లేక డక్టులో బయటికి కనిపించేలా వేయాలా అన్నది వేరే తగువు. అందం సంగతి పక్కన పెడితే కనిపించే లైనే మేలు, ఎందుకంటే చెమ్మ పట్టే దాకా ఆగక్కరలేదు. దాచక తప్పకపోతే, సొల్యూషన్ ఆరడానికి ఒకరోజు వదిలి, పంపుతో ఒత్తిడి ఎక్కించి, ఒత్తిడి చూపే మీటరు ముల్లు కదలలేదని చూసుకున్నాకే సిమెంటు పూయించాలి.

ఇంకో చిక్కు ఉమ్మడి లైనుది. ట్యాంకు నుంచి దిగే పైపు పాత జీఐగానే ఉంటే, మీ ఇంట్లో ఏది వేసినా తుప్పు పెచ్చులు వచ్చి కొత్త కుళాయిల జల్లెడలో ఇరుక్కుంటాయి. అసోసియేషన్‌ను ఒప్పించి ముందు దాన్ని మార్పించడమే సరైన వరుస. వీధి లైను నుంచి సంపుకు వచ్చే కనెక్షను మురుగు కాలువ పక్కన పోతుంటే అది అన్నిటికన్నా ముందు. 2009లో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి ప్రాణాలు పోయాయి. అక్కడ ఎంపిక తేలిక: తుప్పు పట్టే జీఐ ముక్కల బదులు, చుట్టగా వచ్చే పాలిథిలీన్ పైపును నడుమ ఒక్క జాయింటు కూడా లేకుండా, కాలువకు వీలైనంత ఎడంగా వేయించాలి.