క్యాట్ స్ట్రీట్‌లో స్ఫటికం స్నఫ్ బాటిల్ కొనేవాళ్లు కాస్త ఆగండి

కోపంలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. హాంకాంగ్‌లో పాతకాలం వస్తువులు అమ్మే క్యాట్ స్ట్రీట్‌లో జేడ్ పూసలు వేలాడదీసే ఆ ముసలాయన, పేరు రాయను, స్నఫ్ బాటిళ్లు, అంటే ముక్కుపొడి పోసుకునే చిన్న సీసాలు, కొనేవాళ్లలో ఆయన్ని ఎరగనివాళ్లు తక్కువ. శనివారం ఆయనకు 6,800 హాంకాంగ్ డాలర్లు సమర్పించుకున్నాను. మన డబ్బుల్లో 70 వేల పైమాటే. స్ఫటికం సీసా, లోపల నల్లటి వెంట్రుకల్లా టూర్మలీన్ అనే ఖనిజం సూదులు, పైన పగడం మూత, చైనాను చింగ్ రాజులు ఏలిన కాలంనాటిది అన్నాడు. మా తాతయ్య ముక్కుపొడి డబ్బీ గుర్తొచ్చి కరిగిపోయాను. ఆయనది రేకు డబ్బీ, కానీ అది నిజంగా రేకే.

ఇంటికొచ్చి పది రెట్ల భూతద్దం పెడితే సూదుల పక్కనే గుండ్రటి గాలి బుడగలు. గాజు! పైగా ఆ నల్ల గీతలు సీసా భుజం దగ్గర సీసాతో పాటే వంపు తిరిగాయి. రాయిలో ముందే ఉన్న సూది, మనం తర్వాత చెక్కే సీసా ఎటు వంగుతుందో తెలుసుకుని వంగుతుందా? చెక్కినచోట తెగి ఠక్కున ఆగిపోవాలి కదా. షాపులో పావుగంట తిప్పి తిప్పి చూశాను, ఏం చూశానో నాకే తెలియాలి. స్ఫటికం చల్లగా ఉంటుందని చెంపకు కూడా ఆనించుకున్నాను. ఏసీ గదిలో గాజు మాత్రం వేడిగా ఉంటుందా, నా తెలివికి దండేయాలి.

నిన్న తీసుకెళ్లాను. కాదంటాడు, వాదిస్తాడు అనుకున్నా. అదేం లేదు. కళ్లజోడు పెట్టుకుని, నా చేతిలో రసీదు లాక్కుని, చైనీస్‌లో ఉన్న ఒక్క లైన్‌ మీద గోరు పెట్టి చదివి వినిపించాడు: "అలంకార సీసా, ఒకటి. పాతదని రాశానా? స్ఫటికమని రాశానా?" పక్క షాపాయనతో కాంటనీస్‌లో ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. అంతటితో ఆగాడా, నా సీసాని న్యూస్‌పేపర్లో చుట్టి చేతిలో పెట్టి, బల్ల కింద నుంచి ఇంకోటి తీసి, "ఇది మాత్రం అసలు స్ఫటికం సార్" అన్నాడు. అంటే మొదటిది గాజని ఆయనకు మొదటినుంచీ తెలుసన్నమాట!

కొనేవాళ్లుంటే భూతద్దం జేబులో పెట్టుకెళ్లండి, రసీదులో రాయి పేరు, కాలం మీకు చదవొచ్చే భాషలో రాయించుకోండి, రాయనంటే లేచి వచ్చేయండి. పగడం మూత సంగతి నేనింకా చూడలేదు, చూసే ధైర్యం లేదు.